పాత మోడల్ పిస్తోలు

మ్యూనిక్, మే 2020

రవీంద్రనాథ్ గారికి నమస్కారాలు.

మీ ఆయుధాల షాపులో పిస్తోలు డిపాజిట్ చేసి మా అమ్మాయి గిరిజ దగ్గరికి వచ్చానా, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఇరుక్కుపోయాను. నిన్న ఊ-బాన్ మెట్రో రైలు దిగి నడుస్తుంటే ఒక షాపు అద్దాల్లో మన చిన్న పిస్తోలుకి కొత్త మోడల్ కనిపించింది. ముఖానికి గుడ్డ కట్టుకుని తుపాకుల షాపులోకి వెళ్తే రండి రండి అన్నారండీ! పోయినేడు అలా వస్తే మీరు బల్ల కింద దూరేవారు.

సైజు అదే, గుళ్లు ఎక్కువ పడతాయి. గుండు ఎక్కించడానికి వెనక్కి లాగే స్లైడు సుతారంగా జరుగుతోంది. మనది లాగాలంటే ముందు నాలుగు ఇడ్లీలు తినాలి. పైగా బొటనవేలు కొరుకుతుంది. ఇక ఆ పాతదాన్ని ఎవరికైనా అమ్మేయడమే!

ఇట్లు,
గంగాధరరావు

తా.క.: ఈసారి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని రమ్మన్నాడు షాపాయన. ఈ దేశంలో దొంగ కూడా ముందే చెప్పి రావాలేమో.

విజయవాడ, జూన్ 2020

గంగాధరరావు గారికి,

అమ్మకం మాట సంతకంతో సహా రాశారు కనుక పని మొదలుపెట్టాను. పాతదాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. బరువుంది కాబట్టే పేలినప్పుడు చేతిలో ఎగరదు. కొత్తవి జేబుకి సుఖం, చేతికి కష్టం.

అనుమతి సంగతి కరోనా తగ్గాక చూద్దామన్నారు కలెక్టరాఫీసులో. ఈలోగా దాన్ని తళతళలాడిస్తాను.

భవదీయుడు,
రవీంద్రనాథ్

తా.క.: పిడి గాట్ల నిండా ఆయుధపూజ కుంకుమే. పళ్ల బ్రష్షుతో కుస్తీ పడుతున్నాను. ఎవరండీ అంత ఉదారంగా పెట్టింది?

మ్యూనిక్, జులై 2020

అయ్యా రవీంద్రనాథ్ గారూ,

ముందు ఆ బ్రష్షు పక్కన పెట్టండి! నేను వేళాకోళానికి రాశాను. నా దగ్గరున్నది మీ షాపు నంబరొక్కటే, అది పలకడం లేదు.

ఆ కుంకుమ మా ఆవిడ కౌసల్య పెట్టింది. బంగారం కొట్టు కట్టేసి నేను ఇల్లు చేరేదాకా ఆవిడకు ప్రాణం నిలిచేది కాదు. అందుకే దసరాకి నాకన్నా పిస్తోలుకే పెద్ద బొట్టు. పోయిన దసరాకి పెట్టింది, దీపావళి చూడకుండానే వెళ్లిపోయింది. చీరలు పంచేశారు, ఇల్లు కడిగేశారు. ఆవిడ వేలి గుర్తు అదొక్కటే మిగిలింది.

మీ
గంగాధరరావు

తా.క.: స్లైడు కూడా బాగుచెయ్యకండి. నేను ఇడ్లీలే తింటాను.

విజయవాడ, ఆగస్టు 2020

గంగాధరరావు గారికి,

మీ ఉత్తరం నిన్ననే అందింది.

పిస్తోలు ఎక్కడికీ పోలేదు. కుంకుమ మాత్రం పోయింది. మీకు జవాబు పోస్టు చేసిన రోజే మొత్తం తీసేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయి మా ఆవిడ ఆండాళ్‌ని పిలిచి మరీ చూపించాను. ఇప్పుడది మీరు చూసిన కొత్త మోడల్ కన్నా కొత్తగా ఉంది. దాన్ని చూస్తే నాకే సిగ్గుగా ఉంది. క్షమించండి.

మీ
రవీంద్రనాథ్

తా.క.: మీ ఉత్తరం చదివి ఆండాళ్ ఏడ్చింది. ఈ దసరాకి తనే బొట్టు పెట్టి మీకు అప్పగిస్తానంది. ఆ చోట ఇంకొకరి వేలు పడకూడదని నేనే వద్దన్నాను.