అమీనా ఎన్నాళ్లుండొచ్చు

ఆగస్టు 4
నేను అద్దెకుండే ఇంట్లోనే పైగదిలో ఉంటూ మా యూనివర్సిటీలో చదువుకునే అమీనాకి నోటీసు. రెండు వారాల్లో దేశం వదలాలట. సూడాన్‌లో యుద్ధం, పాస్‌పోర్టు గడువు తీరింది, వీసా పొడిగించలేదు. పైగా విదేశీయులు అద్దెకుంటే ఓనరు పోలీసులకి ఇవ్వాల్సిన ఫారం ఇవ్వనేలేదు. ఓనరు నర్సింగరావు గారు గేటు దగ్గరే పట్టుకున్నారు. "ఫారం ఇయ్యాల్నా అని మిమ్మల్నే అడిగిన గద మేడమ్. అవసరం లేదంటిరి."
అన్నాను. యూనివర్సిటీ చూసుకుంటుందిలెండి అన్నాను. పద్దెనిమిదేళ్లుగా రాజ్యాంగం పాఠం చెబుతున్నదాన్ని!

ఆగస్టు 5
వాన. అమీనా కిందికి రాలేదు. మూడేళ్లలో మొదటిసారి ఒక్కదాన్నే తిన్నాను.

ఆగస్టు 7
క్లాసులో ఇరవై ఒకటో అధికరణం. ప్రాణం, స్వేచ్ఛ — పౌరులు కాకపోయినా సరే, ప్రతి మనిషికీ. ఏటా గొంతు పెంచి చెప్పే చోటు. సంధ్య లేచింది, మల్కాజ్‌గిరి నుంచి వచ్చే పిల్ల.
"మరి గీడనే ఉండే హక్కు మేడమ్?"
అది పంతొమ్మిదోది, పౌరులకే, అన్నాను.
"అంటే పానం మీద హక్కున్నది, గని గీడ ఉండొద్దు... గంతేనా?"
క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

ఆగస్టు 10
పాత స్టూడెంటు ఒకడిని కలిశాను, ఇప్పుడు హైకోర్టు లాయరు. రిట్ వేద్దామంటాడు. "ఉండనియ్యమని అడగలేం మేడమ్. యుద్ధంలకు పంపొద్దని అడుగుతం. ఫారం తప్పు ఆమెది కాదని మీరు అఫిడవిట్ ఇయ్యాలె." నాదేమో కాంట్రాక్టు ఉద్యోగం. నా తెలివితక్కువ సలహా కోర్టు కాగితాల్లో... ఆలోచించి చెప్తానన్నాను. సిగ్గేసింది.

ఆగస్టు 11
అమీనా వచ్చింది. మాణికేశ్వర్ నగర్ కిరాణా కొట్లలో నేర్చిన తెలుగు — "సంతకం పెట్టకుండ్రి మేడమ్. మీ నౌకరీ పోతది." పప్పు వడ్డిస్తూ సరేనన్నట్టు తల ఊపాను. ఊపాను!

ఆగస్టు 13
సంతకం పెట్టేశాను. ధైర్యం మేడమ్ మీది, అన్నాడు లాయరు. ధైర్యమా, నా మొహం. ఆమె ప్రాణం కోసం పెట్టానో, ఎదురుగా కూర్చుని తినే మనిషి పోతుందన్న భయంతో పెట్టానో...

ఆగస్టు 17
తర్వాతి విచారణ దాకా పంపొద్దంది కోర్టు. నర్సింగరావు గారు మాత్రం — "కోర్టు ఉండుమన్నా నా ఇంట్ల వద్దు మేడమ్. ఇద్దరికీ చెప్తున్న."
ఇద్దరికీ.

ఆగస్టు 20
పక్క వీధిలో రెండు గదుల వాటా చూశాం. కిటికీ తెరిస్తే వెలుతురు బాగుంది. ఓనరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎన్ని దినాలుంటరమ్మా?"
చాలా ఏళ్లు, అన్నాను.
అమీనా తర్వాతి విచారణకి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెడుతోంది.