తిప్పి వేసిన మంచం

ఢిల్లీ కంటోన్మెంట్,
18 జనవరి 1996.

పూజ్యురాలైన ఉమారాణి అక్కయ్యకు తమ్ముడు రఘురామ్ నమస్కరించి వ్రాయునది.

ఈ నెలాఖరున విజయవాడలో రైలెక్కి వస్తున్నానని, మన చిన్న తమ్ముడు సునీల్‌ను వెంటబెట్టుకుని తణుకు తీసుకుపోతానని రాశావు. అందువల్లనే ఈ ఉత్తరం ఇప్పుడు రాయవలసి వచ్చింది. నీవు బయలుదేరేలోగా కొన్ని సంగతులు నా ద్వారా నీకు తెలియాలి. ఇక్కడికి వచ్చాక తెలిస్తే, తెలిపేది మా పక్కింటి కాంతమ్మగారు అవుతారు. ఆవిడ చాలా మంచి మనిషి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదన్నదీ అంతే నిజం. ఫోను చేయవచ్చును గాని, మీ ఎదురింటివారి హాల్లో నిలబడి నీవు వినవలసిన మాటలు కావివి.

అందరం క్షేమమన్న వాక్యంతో మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. నేను, కల్పన ఆరోగ్యంగా ఉన్నాము. ఆ వాక్యాన్ని ఈసారి అంతవరకే రాయగలను. నీవూ, బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పికి ఉప్పు కాపడం మానవద్దని చెప్పు.

ముందుగా నీవు అడిగినవాటికి జవాబులు. నాలుగు మాటలు అడిగావు. చివరిదానికి జవాబు చివరనే రాస్తాను, తొందరపడి పేజీ తిప్పవద్దు.

కరెంటు హీటరు ఒకటి కొని పడేయక ఈ కట్టెల గొడవ ఏమిటని బావగారు అడిగారన్నావు. నిరుడు కొండదారిలో సైన్యం బండి లోయలో పడి వెన్ను విరిగినప్పటి నుంచి సునీల్‌కు రొమ్ము కింద స్పర్శ లేదని మీకు తెలుసు. స్పర్శతోపాటు ఒంటి వేడిని నిలుపుకునే శక్తి కూడా పోయిందన్నది బయటివారికి సులభంగా అర్థం కాదు. చలివేస్తే మనం వణుకుతాము. వణుకు కూడా ఒక పొయ్యే, అక్కయ్యా. వాడి దేహంలో ఆ పొయ్యి సగానికి పైగా ఆరిపోయింది. పొగమంచు పట్టిన ఉదయాలలో ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేము. అది వచ్చేలోగా వాడి ఒళ్ళు చల్లబడిపోతుంది. బొగ్గుల కుంపటి, ఇక్కడివారి మాటలో అంగీఠీ, తలుపులు మూసిన గదిలో పెట్టుకుని నిద్రలోనే పోయినవారి వార్తలు ప్రతి చలికాలమూ చదువుతూనే ఉన్నాము. వేడినీళ్ళ సంచి పెడదామంటే, కాలుతున్నదని వాడు చెప్పలేడు.

అందుకని నిప్పును ఇంటి బయట పెట్టి, వేడిని మాత్రమే లోపలికి తెచ్చాను. ఉద్యోగరీత్యా ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రులకు, మెస్సులకు చేసిపెట్టిన పనే ఇది. మన నాన్నగారి స్నానాలకు పెరట్లో ఉండే రాగి బాయిలరును గుర్తు చేసుకో. దానినే ఇనుముతో పెద్దది చేసి, ఇటుకలతో గూడు కట్టి, ఉత్తరపు పెరట్లో మోకాలి లోతు గుంటలో దించాను. దాని చుట్టూ కాగిన నీరు ఇనుప గొట్టాల గుండా గోడ దాటి సునీల్ గదిలోకి పోయి, అక్కడ గోడ వారనున్న గొట్టాల చట్రంలో తిరిగి, వేడి వదిలి మళ్ళీ బయటికి వస్తుంది. వేడినీరు తనంతట తాను పైకి లేస్తుంది, చల్లబడినది కిందికి దిగుతుంది. మోటారు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. గుంట తవ్వినది అందుకే.

గదిలోకి పొగ వస్తుందా అన్నది నీ రెండవ ప్రశ్న. రాదు. కాని పొగ రాకుండా ఉండడం కట్టెల మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడ దొరికేది కీకర్, అంటే మన సర్కారు తుమ్మ. దానిని దసరాకు ముందే చీలికలు చేయించి, రేకుల కింద గాలి ఆడేలా పేర్చాను. పచ్చికట్టె వేస్తే వేడి తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ గొట్టంలో తారులాగా పేరుకుంటుంది, ఒకనాడు అదే అంటుకుంటుంది. అందువల్ల ఆదివారం ఆదివారం పొగగొట్టానికి బ్రష్షు దూర్చి గీకడం నా పని. సునీల్ కిటికీలోంచి చూసి, "వదినా, పూజారిగారు అభిషేకం మొదలుపెట్టారు. ప్రసాదం ఏమైనా ఉందా?" అనేవాడు. మసి ముఖంతో నేను లోపలికి వస్తే, "పరేడ్‌లో ఇలా కనపడితే మా సుబేదారు సాబ్ తోలు వలిచేవాడు అన్నయ్యా," అనేవాడు.

మూడవది, తణుకులో చలే లేదు కదా అన్నావు. నిజమే. కాని చలికి వణకలేని దేహం ఎండకు చెమట కూడా పట్టించలేదు. మీ వైపు మే నెల ఉక్కను వాడు ఓర్చుకోలేడు. ఢిల్లీ ఎండ మాత్రం తక్కువా అంటావు. తక్కువ కాదు. అయితే ఇక్కడ జ్వరం రాగానే తీసుకుపోవడానికి మిలిటరీ ఆసుపత్రి దగ్గరలో ఉంది, అక్కడి డాక్టర్లు వాడి కిడ్నీల సంగతి మొదటినుంచీ ఎరుగుదురు. నీవు ముందు గది ఖాళీ చేయించావని, బావగారు వసారాలో పడుకుంటున్నారని రాశావు. ఆ మాటను కల్పన నాచేత రెండుసార్లు చదివించుకుంది.

ఇక నాలుగవ ప్రశ్న. మంచం తిప్పించావా అని అడిగావు.

తిప్పించాము.

సునీల్ ఉత్తరానికి తల పెట్టి పడుకుంటున్నాడని కల్పన మాటవరసకు రాసినప్పుడు, అలా పడుకోబెట్టకూడదని, వెంటనే మార్చమని నవంబరులో నీవు రాసిన ఉత్తరాన్ని వాడికి చదివి వినిపించాను. అప్పుడు కాంతమ్మగారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆవిడది అనంతపురం వైపు.

"నేను చెప్తే మీ అన్న యిన్యాడా? ఇప్పుడు మీ అక్కే రాసె సూడు," అన్నారు. "ఉత్తరానికి తల పెట్టుకోని పండుకున్న ఏనుగుకు ఏమాయ? తల కోసుకపోయి వినాయకునికి అంటించిరి."

"నా తల ఎవరికి అంటిస్తారు ఆంటీ? వచ్చినవాడు నడుం కింద ఒకసారి చూసి, యే మాల్ నహీ చలేగా, ఈ సరుకు చెల్లదు అని వెళ్ళిపోతాడు," అన్నాడు సునీల్.

ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. వాడు కొంచెం ఆగి, "అక్క చెప్పింది కదా, తిప్పేద్దాం. అక్కడ కూచుని ఇంకేం చెయ్యగలదు పాపం? ఇదొక్కటీ చెయ్యగలిగాననుకుంటుంది," అన్నాడు. మరునాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కాంతమ్మగారి భర్త చెన్నకేశవులుగారు మంచాన్ని తిప్పి వేసి ఉన్నారు. ఆ గది సన్ననిది. మంచం నిలువునా తప్ప పట్టదు. తల దక్షిణానికి వచ్చింది.

అక్కయ్యా, ఆ తలను ఉత్తరానికి పెట్టినది నేను. వేడి గొట్టాలు ఉత్తరపు గోడకు ఉన్నాయి. స్పర్శ ఉన్నవైపు వేడికి దగ్గరగాను, స్పర్శ లేనివైపు దూరంగాను ఉండాలని అలా వేశాను. చట్రం మరీ వేడెక్కితే వాడి చేతికే ముందు తెలుస్తుంది. ఈ కారణాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవారికి చెప్పవలసినంత విషయమని తోచలేదు. ఆ సాయంత్రం గదిలో అందరూ సంతోషంగా ఉన్నారు. నీకు వెంటనే ఉత్తరం రాయమని వాడు నన్ను తొందరపెట్టాడు, తరువాత రాద్దామని నేనే వాయిదా వేశాను. పాదాలకూ గొట్టాలకూ నడుమ ఒక చెక్కపలక నిలబెట్టి, చాలుననుకున్నాను.

స్పర్శ లేని కాళ్ళు కదలవని మనం అనుకుంటాము. కదులుతాయి. వాటంతట అవే ఒక్కొక్కసారి ఎగిరిపడతాయి. డిసెంబరు నడుమ ఒక ఉదయం చలి బాగా ఎక్కువగా ఉంటే నేను కట్టెలు కొంచెం ఎక్కువే వేసి ఆఫీసుకు వెళ్ళాను. దుప్పటి కింద కాలు ఎగిరి పలక పడిపోయింది. ఎడమ మడమ గొట్టానికి ఆనుకుని ఉండిపోయింది. ఎంతసేపు ఉన్నదో తెలియదు. కల్పన ఒళ్ళు తుడవడానికి దుప్పటి తీసి చూసి కేక పెట్టింది. సునీల్ తల ఎత్తి, "నాకేం నొప్పి లేదు వదినా, ఏడవకు. నీకే నొప్పి పుడుతున్నట్టుంది," అన్నాడట.

కాలిన గాయం ఎముక దాకా పోయింది. నెల రోజులుగా వాడు ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆ తరువాత నేను నీకు రాసిన రెండు ఉత్తరాలలోనూ వాడు కులాసాగా ఉన్నాడని ఉంది. ఆ మాటలు వాడు మంచం మీద పడుకుని చెప్పగా నేను రాసినవి. చీము ఆగలేదు. జ్వరం తగ్గి మళ్ళీ వస్తోంది. వచ్చే మంగళవారం కాలును మోకాలి పైన తీసివేస్తామని సర్జన్‌గారు చెప్పారు. కిడ్నీలు అంతంత మాత్రంగా ఉన్నవాడికి మత్తు ఇవ్వడం ప్రమాదమే. ఇవ్వకపోవడం అంతకంటె ప్రమాదమని ఆయన అభిప్రాయం. ఆయన మాటలు తూచి చెప్పే మనిషి. తూచిన తరువాత ఆశ వైపు ఏమీ మిగలలేదని నాకు అర్థమైంది.

నీకు ఇదంతా చెప్పవద్దన్నది సునీల్. మొన్న ఆదివారం అన్నాడు:

"అన్నయ్యా, అక్కకి మంచం సంగతి రాయొద్దు."

"వస్తే చూస్తుంది కదరా?"

"అప్పటికి మళ్ళీ తిప్పెయ్. అసలు తిప్పనే లేదని చెప్పు. చెప్పిన మాట వినలేదని నిన్నూ నన్నూ నాలుగు తిడుతుంది. తిట్టనీ. తిట్టుకోడానికి మనం ఉంటే తనకి బావుంటుంది."

నేను సరేనన్నాను. ఆ మాట తప్పి ఇప్పుడు రాస్తున్నాను. కాంతమ్మగారి నోట వింటే, ఇదంతా నీ వల్లే జరిగిందన్నట్టు వినబడుతుంది. నీ వల్ల కాదని నేను రాస్తే అది సగమే నిజమవుతుంది, నీవు నమ్మవు. చెప్పినది నీవు, ఒప్పుకున్నది వాడు, తిప్పినది చెన్నకేశవులుగారు, చూసి ఊరుకున్నది నేను. మనలో ఆ గొట్టాల వేడి ఎంతో కొలిచి తెలిసినవాడిని నేనొక్కడినే. నీవు నీ వంతు మోయవలసి వస్తే అంతమాత్రమే మోయి. అంతకంటె ఎక్కువ తీసుకోవద్దు.

మొన్న నేను బాయిలరులో బూడిద మొత్తం ఎత్తివేశాను. మళ్ళీ వెలిగించే ఉద్దేశం ఉంటే అడుగున రెండు వేళ్ళ మందం బూడిద వదలాలి, నిప్పు దాని మీద నిలుస్తుంది. చలికాలం పూర్తిగా అయిపోయినప్పుడు మాత్రమే అంతా తీసివేయాలి, లేకపోతే బూడిద తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. నేను చేస్తున్నది కల్పన పెరటి గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంకా జనవరే కదండీ," అన్నది. మిగిలిన బూడిదను పారతో ఎత్తి గంపలో వేశాను.

నీవు రావలసినదే. అయితే తీసుకుపోవడానికి కాదు. బావగారిని మళ్ళీ ముందు గదిలోకి మారమను, వసారాలో ఈదురుగాలికి ఆయన మోకాలు ఇంకా పాడవుతుంది. స్వెట్టరు, శాలువా, మేజోళ్ళు వెంట తెచ్చుకో. స్టేషనుకు నేను వస్తాను, నేరుగా ఆసుపత్రికే వెళదాము. వాడి ముందు క్షమించమని మాత్రం అడగవద్దు. నీవు ఏడిస్తే నిన్ను ఓదార్చే పని వాడి మీద పడుతుంది. ఆ పనికి చాలినంత ఊపిరి వాడికి ఇప్పుడు లేదు. వాడు మంచం సంగతి ఎత్తితే, మాట వినలేదని తిట్టు. నీవు తిట్టగలవో లేవో నాకు తెలియదు.

విషం రక్తంలో ఎంతవరకు పాకినదీ కాలు తీసిన తరువాత గాని తెలియదని సర్జన్‌గారు అంటున్నారు. నీవు వచ్చేసరికి వాడు నిన్ను గుర్తుపట్టే స్థితిలో ఉంటాడో ఉండడో ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేను.

ఇట్లు,
నిజం ఆలస్యంగా రాసిన నీ తమ్ముడు,
రఘురామ్