గంగామణి ముఖం

గంగామణీ,

ఎట్లున్నావని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వు పోయి ఏడాది నిండింది.

మన పద్మ మూడో తరగతికి వచ్చింది. మీ అమ్మ బోధన్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. దాని జడ ఆమే వేస్తోంది.

సంవత్సరీకానికి నీ పటం పెట్టాలంది మీ అమ్మ. ఫోటో ఒక్కటీ లేదు. స్టూడియోకు పోదామని ఎన్నిసార్లు అడిగావు... "నేను లేనా గీయనీకి" అన్నది నేనే.

టాకీసుకు బోర్డులు గీసేవాడిని. చిన్న ఫోటో చూసి గోడంత ముఖం దించుతాను. సినిమా మారి, బోర్డు మీద తెల్లరంగు పూయగానే ఆ ముఖం నా మనసులోంచీ పోతుంది. నీది అట్లా పోదనుకున్నాను.

కూర్చున్నాను. నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది. కళ్ళ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పోయిన ఎండాకాలం జ్వరంతో పడుకుని నా వైపే చూసిన కళ్ళు... ఎట్లా ఉండేవి? రోజూ అన్నం పెట్టావు. నేను కంచాన్నే చూశానా?

ఎప్పటిదో ఒక్కటి మాత్రం చెదరలేదు. పెళ్ళైన కొత్తలో మీ చెరుకు బండి చక్కెర ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడింది. చెరుకాకు కనుబొమ్మకు కోసుకుంటే, దాని మీద కొంగు అదుముకుంటూ నవ్వావు. "కోసుకున్నది నాకైతే నువ్వు బయపడ్తవేంది?" అన్నావు. రెప్పపాటు చూశానంతే.

అదే గీశాను. మీ అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. "గిది నా బిడ్డనే" అని కళ్ళు తుడుచుకుంది.

పద్మ వచ్చి చూసింది.

"గీమె ఎవరు బాపూ?"

నేను గీసింది పెళ్ళికూతురిని. దాని అమ్మను కాదు. ఇన్నేండ్లు నా ముందే తిరిగిన ఆ ముఖం నా దగ్గర లేదు గంగూ. ఇది ఎవరితో చెప్పుకోను?

మరునాడు పద్మనే పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మ ఎట్లుండేదో చెప్పమన్నాను. ఆలోచించనైనా లేదు. "నవ్వితే ఒక కన్ను సిన్నగయితది. గీడ గుంట పడ్తది" అని తన చెంప నొక్కి చూపించింది. నేను గీస్తే, "గట్ల కాదు" అని తుడిపిస్తోంది.

ఇప్పుడు మూతి దగ్గరికి వచ్చాం. బడి నుంచి రాగానే మళ్ళీ కూర్చుంటాం. అది "మా అమ్మనే" అనేదాకా గీస్తూనే ఉంటాను.

నీ
నర్సయ్య