బ్యాంకు కట్టిన విలువ

మంగఫ్, కువైట్
18-9-1990

బావకు నమస్కారం.

నేను క్షేమమని మీ చెల్లెలు మునిలక్ష్మికి చెప్పండి. మీకు మాత్రం నిజం రాస్తున్నాను.

మనం కొనబోయే రాజంపేట ఇంటికి బ్యాంకు ఇంజనీరు ముప్పై వేలు తక్కువ విలువ కట్టాడని జూలైలో రాశారు. అలా తగ్గితే బేరం మానుకుని అడ్వాన్సు వెనక్కి తీసుకునేలా అగ్రిమెంటు రాయించింది మీరే. నేనే వినలేదు. "ఆ ముప్పై వేలు నేను పంపుతా, ఇల్లు వదలొద్దు" అని ఆగస్టు ఒకటిన జాబు వేశాను. తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం వచ్చేసింది. ఆ జాబు మీకు అంది ఉండకూడదని రోజూ దేవుణ్ణి వేడుకుంటున్నాను.

నా దినార్లు బ్యాంకులోనే చిక్కుకున్నాయి. షుఐబాలో పని ఆగిపోయింది. నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, నా పాస్‌పోర్టు తీసుకుని సౌదీకి పారిపోయాడు. అది లేదని పోయిన వారం నన్ను సరిహద్దు నుంచి వెనక్కి పంపేశారు.

ఈ జాబు తెస్తున్న ఓబులేసు నా గదిలోనే ఉండేవాడు. "ఇంగోసారి చూద్దాం, నువ్వూ రాన్నా" అని ఏడ్చాడు. నాకు ఓపిక లేదు బావా.

అగ్రిమెంటు గడువు అక్టోబరు పది. ఆలోగా బేరం వద్దని కాగితం రాసివ్వండి. వచ్చిన అడ్వాన్సు నా కోసం దాచొద్దు. మునిలక్ష్మికి రెండు పాడిగేదెలు కొనివ్వండి. ఇల్లెందుకు వదిలేశామని అడిగితే, విలువ తగ్గిందని మాత్రమే చెప్పండి.