గోడ మీది పెనం

ఇచెన్‌హౌసెన్, ఆదివారం

ప్రియమైన క్రెషెన్స్ వదినకి,

మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. ఇవి అడగడానికి కాదులే ఈ ఉత్తరం. నీ దగ్గర నాకు దాపరికమేంటి, అసలు సంగతికే వస్తాను.

వాళ్ళ నాన్న పోయాక పశువుల బేరం మా హిర్షే చూసుకుంటున్నాడు కదా. ఆదివారం బయల్దేరితే శుక్రవారం దాకా ఊళ్ళు పట్టుకుని తిరగడమే. సంచిలో ఎండు రొట్టె, ఉల్లిపాయ. దారి మొత్తం మీద కడుపులో వేడిగా ఏదైనా పడేది మీ ఇంట్లోనే. మొన్న అక్కడా తినకుండానే వచ్చేశాడు. "అమ్మా, పెనంలో సుద్దరాత లేదు" అన్నాడు. అంతే చెప్పి, పశువులకి మేత వెయ్యడానికి పోయాడు.

మా ఆయన ఆ పెనం మీ గోడకి తగిలించిన రోజున నువ్వింకా కొత్త కోడలివి. వెన్న వేసి తన గుడ్లు తనే వేసుకుని, కడిగి, లోపల అడుగున మా యూదుల అక్షరాల్లో సుద్దతో రాసి తగిలించేవాడు. మళ్ళీ వచ్చేసరికి ఆ రాత చెక్కుచెదరకుండా ఉండేది. ఉందంటే ఇంకెవరూ వాడలేదని అర్థం.

కోపం తెచ్చుకోకు వదినా, అడగక తప్పదు. అందులో ఎవరైనా పంది కొవ్వు వేశారా? నీ కొత్త కోడలికి మా సంగతులు తెలియవేమో. హిర్ష్ ఇంక మీ ఇంటి గడప తొక్కనంటున్నాడు. వాడు పస్తులుంటాడన్నది ఒక బాధ. మన రెండిళ్ళ మధ్య రాకపోకలు ఇంతటితో ఆగిపోతాయేమోనన్నది అంతకంటే పెద్ద బాధ.

నీ జవాబు కోసం చూస్తూ,
బ్రైన్లె


శుక్రవారం, పొద్దున్నే

బ్రైన్లె వదినకి,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. రాయకుండా ఉండడానికి మనసూ ఒప్పలేదు. కాబట్టి, ప్రియమైన బ్రైన్లె వదినకి,

పంది కొవ్వా! మీ ఆయన, మా కొప్పెల్ అన్నయ్య పెనంలోనా! నన్నా ఈ మాట అడిగావు? నిన్ను తిట్టుకోవలసినంతా తిట్టుకున్నాక గోడ వైపు చూశాను. నిజమే, రాత లేదు.

హిర్ష్ వచ్చిన రోజున నేను మా చెల్లెలింట్లో ఉన్నాను. ఇంట్లో ఉన్నది మా కొత్త కోడలు ఆఫ్రా ఒక్కతే. "పెనం ముట్టుకున్నావా?" అంటే "ముట్టుకున్నాను" అంది. "ఏం వేశావే అందులో?" అంటే మొహం తిప్పుకుంది. నేను ఊరుకుంటానా, నోటికొచ్చినట్టల్లా తిట్టాను. అప్పుడు అదీ అందుకుంది.

"వండి పెడితే ముట్టకుండా కడుపునొప్పి అని లేచిపోయాడు. మన చేతి కూడు వాళ్ళకి మైలట, పిండిమర దగ్గర అందరూ అంటున్నారు. అంత మైలైతే వాళ్ళ పెనం మన గోడ మీద ఎందుకత్తా?"

దానికి నా దగ్గర జవాబు లేదు వదినా. ఇన్నేళ్ళుగా ఉంది కాబట్టి ఉంది, అంతే నాకు తెలిసింది.

ఇవాళ లేచి చూస్తే గోడ మీద పెనం లేదు. ఇంట్లో కోడలూ లేదు. నా కొడుకు ఫైట్ కొలిమి వదిలేసి ఊరంతా వెతుకుతున్నాడు. మీ వైపు వస్తే వెంటనే కబురు పెట్టు.

క్రెషెన్స్


ఇచెన్‌హౌసెన్, అదే శుక్రవారం

ప్రియమైన వదినా,

కంగారు పడకు. నీ కోడలు మా ఇంట్లో ఉంది. సాయంత్రం మా సబ్బాతు విశ్రాంతి మొదలై దీపాలు పెట్టేలోపు ఈ ఉత్తరం పాలబండి అతనికి అందాలి, అందుకే గబగబా రాస్తున్నాను. ఆఫ్రానీ అదే బండిలో పంపిస్తున్నాను.

తెల్లవారుజామున బయల్దేరి మంచులో నడిచొచ్చింది మహాతల్లి. వస్తూనే కొంగులోంచి పెనం తీసి బల్ల మీద టప్పున పెట్టింది. "వాసన చూడండి! పంది కొవ్వుందేమో మీరే చెప్పండి!"

"మరేం వేశావమ్మా?"

"మా పెళ్ళికి మీరు పంపిన జాడీలోది, పెద్దబాతు కొవ్వు. మీరు చేసిందైతే మీకు పడుతుంది కదా అని నోట వేసుకోకుండా దాచాను. మీ అబ్బాయి వస్తుంటే కిటికీలోంచి చూసి, వేడివేడిగా గుడ్లు వేసి ఉంచాను. ముట్టనైనా లేదు!"

అయ్యో వదినా! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. "అది వెన్న పెనం తల్లీ. పెద్దబాతంటే మాంసమే కదా, పాలూ మాంసమూ మేం కలపం. పైగా దారిలో ఉన్నప్పుడు మావాళ్ళు ఎవరి వంట వాళ్ళే చేసుకుంటారు" అన్నాను.

"ఇన్ని తిరకాసులా! పంది ఒక్కటే కాదనుకున్నాను" అంది.

రేపటి సబ్బాతు భోజనానికి పొయ్యి మీద పెద్దబాతు ఉడుకుతోంది. ఆకలికి పాపం ఆఫ్రా కళ్ళు ఆ కుండ మీదే. నేను మాత్రం వేరే గిన్నెలో ఒక చేప ముక్క ఉడికించి పెట్టాను. చర్రున లేచింది. "ఆ కుండలోది నాకు పెట్టరా? అదీ మైలేనా?"

"పిచ్చిదానా, ఇవాళ శుక్రవారం, మీవాళ్ళు మాంసం ముట్టరు. పైగా ఈస్టరు ముందటి మీ ఉపవాసాల రోజులు. నీకు మాంసం తగలకూడదనే కొవ్వు చుక్క పడకుండా విడిగా వండాను."

చెంచా కింద పెట్టేసింది. "కోపంలో నేనే మరిచిపోయాను. మీకెలా గుర్తుంది?" అని కళ్ళు తుడుచుకుంది. నిన్ను అనుమానించినందుకు నాకూ సిగ్గేసింది వదినా.

"ఇప్పుడు దీన్నేం చెయ్యాలి?" అంది చివరికి. "ఎర్రగా కాలేదాకా నిప్పుల్లో పెట్టాలి, అప్పుడు మళ్ళీ పనికొస్తుంది" అన్నాను. ఇక మీ ఇష్టం. హిర్ష్‌కి నచ్చజెప్పి పంపే పూచీ నాది.

నీ బ్రైన్లె


బుధవారం

నా బంగారు వదినకి,

నీ కొడుకు నిన్న వచ్చాడు. ముందు నా చేత చీవాట్లు తిన్నాడు. "కడుపునొప్పి అని అబద్ధమాడే బదులు ఉన్న మాట చెప్పొచ్చుగా!" అంటే తల దించుకుని, "కొత్త పెళ్ళికూతురు నవ్వుతూ ఎదురుగా నిలబడితే ఏం చెప్పను అత్తయ్యా" అన్నాడు. నిజమే పాపం.

ఆఫ్రా ముందే సిద్ధంగా ఉంది. వాణ్ణి చెయ్యి పట్టుకున్నంత పని చేసి కొలిమి దగ్గరికి లాక్కుపోయింది. వాడి కళ్ళ ముందే పెనం నిప్పుల్లో పెట్టించి, తిత్తి మాత్రం ఫైట్‌కి ఇవ్వకుండా తనే ఊదింది. పెనం ఎర్రగా మెరిసింది. "చాలు చాలు, కరిగిపోతుంది!" అని హిర్ష్ మొత్తుకున్నా, "ఇంకొంచెం" అంటుంది!

తర్వాత గుడ్లు, వెన్న తెచ్చి వాడి పక్కన పెట్టి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. వాడే వేసుకున్నాడు, కడుపునిండా తిన్నాడు. పెనం కడిగి సుద్దతో రాశాడు. ఏం రాశావని అడిగి, ఒక్కో అక్షరమూ చూపించమని ప్రాణం తీసింది. రాత చెరక్కుండా పిడి పట్టుకుని తనే గోడకి తగిలించింది.

పిండిమర దగ్గర మళ్ళీ మైల మాట ఎత్తారట. "నా ఉపవాసం నాకంటే ఆ ఇంట్లోవాళ్ళకే బాగా గుర్తు" అందట. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. నేను ఇన్నేళ్ళూ చెప్పలేని జవాబు అది చెప్పింది వదినా. నాకెంత గర్వంగా ఉందో ఏమని రాయను.

మీ పస్కా, మా ఈస్టరూ రెండూ వెళ్ళాక మీ ఇంటికొస్తుందట. ఈసారి చేప పెడితే ఊరుకోదట. ఆ కుండలోదే కావాలట.

దానితో నేనూ వస్తున్నాను,
నీ క్రెషెన్స్