పెద్దబాపు నుదుటి మీది చేతులు

అత్తా,

నువ్వు చనిపోయిన ఏడాదికి, ఇవాళ ఉప్పల్‌లో మీ అన్న, మా పెద్దబాపు, షష్టిపూర్తి చేసుకున్నాడు. నువ్వు ఇష్టపడ్డవాణ్ణి పెళ్లి చేసుకున్నావని ఇంటి ఫొటోలన్నిట్లోంచీ నిన్ను కత్తిరించింది ఆయనే. ఆయన పెళ్లి ఫొటోలో మాత్రం నీ చేతులు మిగిలాయి. ఆడబిడ్డగా బాసింగం కడుతున్నావు కదా, వాటిని కోస్తే ఆయన నుదురూ పోతుంది. ఎవరి చేతులని చిన్నప్పుడు అడిగితే "పంతులుగారియి" అన్నాడు. పంతులుకు చేతినిండా గాజులా?

నెగెటివ్‌ల సంగతి ఆయనకు తట్టలేదు. మా నాచారం ఇంట్లో సజ్జ మీద దొరికాయి. గది చీకటి చేసి, ల్యాప్‌టాప్ తెల్ల తెర మీద గాజుపలక, దానిమీద ఫిల్మ్ పెట్టి ఫోన్‌తో తీశాను. రంగులు తిరగేయగానే నీ తెల్ల జుట్టు నల్లబడింది, నల్ల పళ్లు తెల్లబడ్డాయి. నవ్వుతున్నావు. పెద్ద ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను.

"బాసింగం కట్టనీకి ఆడబిడ్డ ఏది?" అని పంతులు అడిగేదాకా ఆగాను. అప్పుడు అందరి ముందూ ఫ్రేముకు చుట్టిన కాగితం విప్పాను.

"ఏడికెల్లి తెచ్చినవే ఇది?" అన్నాడు పెద్దబాపు.

"నువ్వు కొయ్యని కాడికెల్లి. గా చేతులు పంతులుగారియి గావు పెద్దబాపూ, జర మంచిగ సూడు."

పెద్దమ్మ ఫ్రేము అందుకుని పీటల పక్కన నిలబెట్టింది. బాసింగం కట్టడానికి ఇంకెవరూ లేవలేదు. ఆయనే కట్టుకున్నాడు. ముడి సరిగా పడక ప్రతి ఫొటోలోనూ ముక్కు మీదికి జారింది.

ఆ ఫొటోలన్నీ నేనే తీశాను అత్తా. ఒక్కటీ కత్తిరించను.