బాపుకు చదివి వినిపించాల్సినంత

అక్కా,

సర్వపిండిలో నువ్వులు తగ్గించేవారు మన వంశస్థులు కారని శంషాబాద్ నుంచి ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

నేను క్షేమం. కొత్తూరులో మా కంపెనీ మూతపడింది. అందుకని ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన క్యాబ్ డ్రైవర్లకు సర్వపిండి చేసి అమ్ముతున్నాను. మొన్న తొందరలో, పొయ్యి మీంచి దించిన వేడి సర్వ గిన్నెలోనే మళ్లీ పిండి ఒత్తబోయాను. వేళ్లు బొబ్బలెక్కాయి.

"ఏందన్నా, పిండి కాలుస్తున్నవా, చెయ్యి కాలుస్తున్నవా?" అన్నాడొక డ్రైవర్. అయినా సర్వ చల్లారేదాకా ఆగి, తినే పోయాడు.

అమ్మ వాడిన సర్వలు ఉంటే కొండల్ బావతో పంపు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? బాపుకు నా దండాలు.

ఇక్కడిదాకే బాపుకు చదివి వినిపించు. మిగతాది నీకు. కంపెనీ మూతపడలేదక్కా. వంట మీది ఇష్టంతో నేనే మానేశాను.

నీ తమ్ముడు
ఉపేందర్